వీటో గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వీటో గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దల పద్ధతి. మీ కుశలం గురించి అడగనక్కర్లేదు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి నియమావళి రాసుకున్నప్పుడే 27వ అధికరణంలో మీకు శాశ్వత నివాసం ఏర్పాటైంది. మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే నియమావళిని సవరించాలి. సవరణకు మీ ఐదుగురు యజమానులూ, అంటే భద్రతా మండలిలో శాశ్వత సభ్యులైన అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్, ఒప్పుకోవాలి. మండలిలో వాళ్ళలో ఏ ఒక్కరు కాదన్నా తీర్మానం చచ్చినట్టే; ఆ కాదనే అధికారమే మీరు. ఇంతటి ఉద్యోగ భద్రతను మా ప్రభుత్వ ఉద్యోగులు కలలో కూడా ఎరగరు.

న్యూయార్క్‌లో మీరు కొలువుదీరే గదిని టీవీలో చాలాసార్లు చూశాను. గుర్రపునాడా ఆకారంలో బల్ల, వెనక గోడ నిండా నార్వే చిత్రకారుడు పెర్ క్రోగ్ వేసిన చిత్రం. యుద్ధపు బూడిదలోంచి ఫీనిక్స్ పక్షి పైకి లేస్తూ ఉంటుంది. లోకం మళ్ళీ లేస్తుందని ఆయన ఆశ. ఆ గదిలో ఇప్పటివరకు క్రమం తప్పకుండా లేచింది మాత్రం మీరే.

మీరు ఒక్కరి సొత్తు కాదని నాకు తెలుసు. 2022 ఫిబ్రవరి 25న రష్యా మిమ్మల్ని ఎలా వాడుకుందో అందరం చూశాం. ఉక్రెయిన్ మీద దండెత్తిన మర్నాడు, ఆ దండయాత్రను ఖండించే తీర్మానాన్ని అదే రష్యా అడ్డుకుంది. ఆ నెలలో మండలి అధ్యక్ష పీఠం కూడా రష్యాదే. ముద్దాయే జడ్జీ కుర్చీలో కూర్చుని కేసు కొట్టేసుకున్నాడన్నమాట. ఆ రోజు వాషింగ్టన్ నుంచి బ్రస్సెల్స్ దాకా మిమ్మల్ని తిట్టని నాయకుడు లేడు. రెండు నెలల తర్వాత, ఏప్రిల్ 26న, సర్వసభ్య సభ ఒక నిబంధన తెచ్చింది: ఎవరు వీటో వేసినా పది పని దినాల్లో సభ సమావేశం కావాలి, వేసినవాళ్ళు వచ్చి సంజాయిషీ చెప్పుకునే వీలుండాలి. దీన్ని ప్రతిపాదించిన దేశాల్లో అమెరికా కూడా ఉంది. జవాబుదారీతనం మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిన రోజులవి. ఇక రావలసింది గాజా వంతు.

అంతకుముందు మీ పాత పద్దు ఒకసారి తిరగేద్దాం. అమెరికా మిమ్మల్ని మొట్టమొదట వాడింది 1970లో, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) విషయంలో. రెండోసారి 1972 సెప్టెంబరులో, ఇజ్రాయెల్ కోసం. ఆ రెండోసారి రుచి బాగా తగిలినట్టుంది. ఇప్పటిదాకా అమెరికా వేసిన వీటోల్లో సగానికి పైగా ఆ ఒక్క స్నేహితుడి కోసమే. 2011 ఫిబ్రవరిలో వచ్చిన తీర్మానం చెప్పిందల్లా ఆక్రమిత భూమిలో ఇజ్రాయెల్ కడుతున్న కాలనీలు చట్టవిరుద్ధమని. అది అమెరికా స్వయంగా ఎన్నో ఏళ్ళుగా తప్పుపడుతూ వచ్చిన పనే. మండలిలో పద్నాలుగు దేశాలు సరేనన్నాయి. తాను ఒప్పుకునే మాటనే తాను అడ్డుకునే అరుదైన విద్య ఆ రోజు మీ యజమాని ప్రదర్శించాడు.

ఇప్పుడు గాజా. 2023 అక్టోబరు 7న హమాస్ చేసింది ఊచకోత. దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి నేను సిద్ధంగా లేను. పదకొండు రోజుల తర్వాత బ్రెజిల్ తెచ్చిన తీర్మానం కూడా సిద్ధంగా లేదు. హమాస్ దాడిని అది పేరు పెట్టి ఖండించింది, బందీలను విడిచిపెట్టమంది, సహాయం లోపలికి వెళ్ళేలా పోరుకు విరామాలు ఇవ్వమంది. పన్నెండు దేశాలు చేతులెత్తాయి. మీరూ లేచారు. కారణం? ఇజ్రాయెల్ ఆత్మరక్షణ హక్కు గురించి అందులో ప్రస్తావన లేదట.

డిసెంబరులో సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ తన పదవీకాలంలో మొదటిసారి 99వ అధికరణాన్ని బయటికి తీశారు. అంటే గంట కొట్టి మండలిని లేపడం. రెండు రోజులకు, డిసెంబరు 8న, కాల్పుల విరమణ తీర్మానం వచ్చింది. పదమూడు దేశాలు అనుకూలం, బ్రిటన్ తటస్థం, మీరు యథాప్రకారం. ఈసారి కారణం, హమాస్‌ను ఖండించలేదని. అక్టోబరులో ఖండించిన కాగితాన్ని చింపింది ఎవరో మీ యజమానికి ఎవరూ గుర్తుచేసినట్టు లేదు. 2024 ఫిబ్రవరిలో అల్జీరియా తీర్మానానికి ఇంకో కారణం: బందీల కోసం జరుగుతున్న చర్చలు చెడిపోతాయి. నవంబరులో మరొకటి: కాల్పుల విరమణను బందీల విడుదలతో ముడిపెట్టలేదు. ఆ తీర్మానం రెండింటినీ అడిగింది, కానీ వేర్వేరు వాక్యాల్లో అడిగింది. ఒక ఫుల్‌స్టాప్ కోసం వీటో పడటం బహుశా చరిత్రలో అదే మొదలు. 2025 జూన్‌లో ఐదోసారి. సెప్టెంబరు 18న ఆరోసారి. అది భద్రతా మండలి పదివేలవ సమావేశం కూడా. పండగను మీరు మీ పద్ధతిలో జరుపుకున్నారు. గాజా నగర ప్రాంతంలో కరవు ఉందని సమితి మద్దతున్న ఆహార నిపుణులు ప్రకటించి అప్పటికి నెల కూడా కాలేదు.

మీరు చెయ్యి ఎత్తిన తేదీల పక్కన గాజా ఆరోగ్య శాఖ ఆయా రోజులకు చెప్పిన మృతుల సంఖ్య రాసుకుంటూ పోయాను. మొదటిసారికి దాదాపు మూడున్నర వేలు. రెండోసారికి 17 వేలు. మూడోసారికి 29 వేలు. నాలుగోసారికి 44 వేలు. ఐదోసారికి 54 వేలు. ఆరోసారికి 65 వేలు. ఈ లెక్క హమాస్ పాలనలోని శాఖది కాబట్టి నమ్మలేమని మీ యజమాని మొదట్లో అన్నాడు. సరే, ఆయన దగ్గర వేరే లెక్క ఉంటే చూపించి ఉండవలసింది.

కాల్పుల విరమణ తీర్మానానికి మీరు ఒకసారి లేవకుండా కూర్చున్నారు కూడా, 2024 మార్చి 25న. రంజాన్ నెలకు కాల్పులు ఆపమని 2728వ తీర్మానం నెగ్గింది. అమెరికా తటస్థంగా ఉంది. మేమంతా ఆశపడేలోపే దాన్ని పాటించి తీరాలని లేదని అదే దేశం ప్రకటించింది. మీరు లేస్తే తీర్మానం చస్తుంది, లేవకపోతే బతికి మంచం మీద పడి ఉంటుంది. మీకు ఈ పనితనం ఎవరు నేర్పారో గాని, గురుదక్షిణ బాగానే ముట్టి ఉండాలి.

అత్త పగలగొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు పగలగొట్టినది కొత్త కుండ అని మా వైపు సామెత. మీ యజమాని, అతని ఐరోపా మిత్రులు కలిసి దాన్ని విదేశాంగ విధానంగా ఎత్తిరాసుకున్నారు. యుద్ధంలో గెలుచుకున్న భూమిని సొంతం చేసుకోరాదని 1967 నాటి 242వ తీర్మానం అంటుంది. 2018 జూలైలో అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో, ఉక్రెయిన్ నుంచి రష్యా కలుపుకున్న క్రిమియా మీద ప్రత్యేక ప్రకటనే ఇచ్చారు, బలంతో కలుపుకున్న భూమిని ఎన్నటికీ గుర్తించమని. సరిగ్గా ఎనిమిది నెలలకు, 2019 మార్చిలో, సిరియా నుంచి పట్టుకున్న గోలన్ కొండలు ఇజ్రాయెల్‌వేనని అదే ప్రభుత్వం సంతకం పెట్టింది. అప్పటికే జెరూసలేంకు రాయబార కార్యాలయం తరలిపోయింది. 2018 మే 14న అక్కడ రిబ్బన్ కత్తిరిస్తున్న గంటల్లోనే గాజా కంచె దగ్గర దాదాపు అరవై మంది పాలస్తీనియన్లు కాల్పుల్లో చనిపోయారు. చలికాలం ముందు ఉక్రెయిన్ ప్రజలకు నీళ్ళు, కరెంటు అందకుండా చేయడం యుద్ధ నేరమని 2022 అక్టోబరులో ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ అన్నారు. అక్షరాలా నిజం. ఏడాది తర్వాత ఇజ్రాయెల్ రక్షణ మంత్రి గాలంట్ గాజాకు కరెంటు, తిండి, ఇంధనం ఏదీ ఉండదని కెమెరా ముందు చెబితే, ఆమె నుంచి ఆ పదం మళ్ళీ వినపడలేదు. నేరాలకు కూడా చలికాలం ఉంటేనే చెల్లుబాటు కాబోలు.

వారంట్ల సంగతి ఇంకా బాగుంటుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చిలో పుతిన్ మీద వారంట్ ఇస్తే, అది సబబేనని బైడెన్ అన్నారు. 2024 నవంబరులో అదే కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, గాలంట్‌ల మీద, వాళ్ళతోపాటు హమాస్ సేనాని దెయిఫ్ మీద ఇస్తే, అది దారుణమని అదే బైడెన్ అన్నారు. ఇజ్రాయెల్ ఆ కోర్టులో సభ్యదేశం కాదు కాబట్టి దాని ప్రధానికి మినహాయింపు వర్తించవచ్చని ఫ్రాన్స్ ధర్మశాస్త్రం వెతికి చెప్పింది. రష్యా కూడా సభ్యదేశం కాదు. ఆ పేజీ ఫ్రాన్స్ ప్రతిలో చిరిగిపోయి ఉంటుంది. హంగేరీ ఇంకా నిజాయితీ చూపింది: 2025 ఏప్రిల్‌లో నెతన్యాహుకు ఎర్ర తివాచీ పరిచి, కోర్టు నుంచే వైదొలగుతున్నామని చెప్పేసింది. ట్రంప్ అప్పటికే కోర్టు మీద ఆంక్షలు పెట్టేశారు. ఇక ఫుట్‌బాల్. 2022లో యుద్ధం మొదలైన నాలుగు రోజులకే ఫిఫా రష్యా జట్లను బయటికి పంపింది. ఇజ్రాయెల్ మీద పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం ఇచ్చిన ఫిర్యాదు మాత్రం కమిటీలు తిరుగుతూ ఉండిపోయింది.

ఇతరుల మీదే రాస్తే నా లేఖకు కూడా రెండు కొలతలే అవుతాయి. మా దేశానికి మీరు లేరు. మీరున్న బల్ల దగ్గర శాశ్వత కుర్చీ కోసం అడుగుతూ ఉంటాం. 1947లో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన దేశం మాది. 1974లో పాలస్తీనా విమోచన సంస్థను, 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాం. ఇప్పుడు మా ఓటు వాతావరణ సూచనలా తయారైంది. 2023 అక్టోబరులో తటస్థం, డిసెంబరులో కాల్పుల విరమణకు అనుకూలం, 2024 సెప్టెంబరులో ఆక్రమణను ముగించాలన్న తీర్మానానికి మళ్ళీ తటస్థం. 2025 జూన్ 12న 149 దేశాలు కాల్పులు ఆపమంటే మేము తటస్థంగా ఉన్న పంతొమ్మిదింటిలో ఒకరం. మూడు నెలలకు రెండు రాజ్యాల పరిష్కారానికి మళ్ళీ అవునన్నాం. సూత్రం ఏమిటని అడిగితే, సందర్భాన్ని బట్టి అంటారు. హైదరాబాద్‌లో 2018 డిసెంబరు నుంచి ఇజ్రాయెల్ భాగస్వామ్యంతో హెర్మెస్ డ్రోన్ల కర్మాగారం ఉంది. సందర్భం అంటే అది కూడా కావచ్చు. మహాత్ముడి బొమ్మ పెట్టుకున్న గదుల్లోనే ఇవన్నీ నిర్ణయమవుతాయి.

కాబట్టి నా విన్నపం పెద్దదేమీ కాదు. మిమ్మల్ని రాజీనామా చేయమని అడగను, మీరు చేయలేరు. మిమ్మల్ని వాడేటప్పుడు మీ యజమానులు ధర్మం, చట్టం, నిబంధనల మీద నిలబడ్డ ప్రపంచ వ్యవస్థ అనే మాటలు మానేస్తే చాలు. “అతను మావాడు” అని ఒక్క ముక్క చెప్పి చెయ్యి ఎత్తమనండి. రష్యాను కూడా అలాగే చెప్పమనండి. మాకు కోపం అలాగే ఉంటుంది గాని, ఉపన్యాసాలు వినే సమయం మిగులుతుంది.

ఇట్లు,
ఏ సభలోనూ ఓటు లేని ఒక తెలుగు పాఠకుడు

తా.క.: పాలస్తీనా సమితి సభ్యత్వం కోసం 2011 సెప్టెంబరు 23న దరఖాస్తు ఇచ్చింది. 2024 ఏప్రిల్ 18న పన్నెండు దేశాలు సరేనన్నాక మీరు లేచారు. ఇరుపక్షాలూ నేరుగా మాట్లాడుకుంటేనే రాజ్యం వస్తుందని అమెరికా వివరణ ఇచ్చింది. మరుసటి ఏడాది మాట్లాడటానికి న్యూయార్క్ వస్తానన్న పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్‌కు వీసా నిరాకరించింది. ఆయన వీడియోలో మాట్లాడారు. 1988లో పాలస్తీనా విమోచన సంస్థ నాయకుడు యాసర్ అరాఫత్‌కు ఇలాగే చేస్తే, ఆయన మాట వినడానికి సర్వసభ్య సభే జెనీవాకు తరలివెళ్ళింది. నా లేఖకు జవాబు న్యూయార్క్ నుంచి పంపినా, జెనీవా నుంచి పంపినా నాకు సమ్మతమే. నిబంధన ప్రకారం పది పని దినాల గడువు మాత్రం మరచిపోకండి.