43 సెకన్లు తెగిన లింకు, 24 గంటల తంటా

ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకుంటుంది, వాడేవాళ్లకు తేడా తెలియదు. ఫెయిలోవర్ గురించి ఎవరిని అడిగినా దాదాపు ఇదే చెప్తారు. వాడేవాళ్లకు తెలియకపోవడం మంచిదే. కానీ ఆ దాపరికం వాళ్ల దగ్గరే ఆగితే బాగుండేది. ప్రోగ్రామ్ రాసేవాళ్లకూ తెలియడం లేదు, రాత్రి డ్యూటీలో కూర్చుని సిస్టమ్‌ని కనిపెట్టుకునేవాళ్లకూ తెలియడం లేదు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 2018 అక్టోబర్ 21న జరిగిన సంగతే తీసుకుందాం. పాడవుతున్న ఒక 100 గిగాబిట్ ఆప్టికల్ పరికరాన్ని మార్చే మామూలు పని నడుస్తోంది. అది జరుగుతుండగా అమెరికా తూర్పు తీరంలోని ప్రధాన డేటా సెంటర్‌కూ, అక్కడి నెట్‌వర్క్ హబ్‌కూ మధ్య లింకు తెగింది. 43 సెకన్లలో మళ్లీ కలిసింది. ఆలోపే, డేటాబేస్‌లకు కాపలా కాసే ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ తన పని కానిచ్చేసింది. తూర్పున ఉన్న ప్రైమరీలు (మార్పులు ముందుగా రాసే ప్రధాన డేటాబేస్‌లు) అందడం లేదని, మిగతా చోట్ల ఆ సాఫ్ట్‌వేర్ నడిచే నోడ్లు (మెషీన్లు) మెజారిటీతో ఓటేసి పశ్చిమ తీరంలోని కాపీలకు ఆ హోదా కట్టబెట్టాయి. అంతా పెట్టిన సెట్టింగుల ప్రకారమే జరిగింది.

అయితే లింకు తెగే ముందు తూర్పున రాసిన ఆఖరి మార్పులు కొన్ని పశ్చిమానికి చేరలేదు. ఈలోగా పశ్చిమాన కొత్త మార్పులు పడడం మొదలైంది. ఇటు ఉన్నవి అటు లేవు, అటు ఉన్నవి ఇటు లేవు. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో (కలిసి పనిచేసే డేటాబేస్ సర్వర్ల గుంపులో) ఇలా ఒంటరిగా మిగిలిపోయిన రైట్లు, అంటే రాసిన మార్పులు, 954. గిట్‌హబ్ స్థాయికి అదెంత? కానీ అలాంటివి ఉన్నందువల్లే వెంటనే వెనక్కి మళ్లడం కుదరలేదు. పోనీ అలాగే కొనసాగుదామంటే, తూర్పున నడిచే అప్లికేషన్లు ప్రతి రైట్ కోసం దేశం ఆ చివరకు వెళ్లి రావాలి. వాటిని అలా నడిచేలా కట్టలేదు. చివరికి వెబ్‌హుక్‌లూ (మార్పు జరగ్గానే వేరే సేవలకు వెళ్లే కబుర్లు) పేజెస్ బిల్డ్‌లూ (వెబ్‌సైట్లు తయారుచేసే పని) ఆపేసి, టెరాబైట్ల కొద్దీ బ్యాకప్‌ల నుంచి డేటాని తిరిగి నింపుకున్నారు. అన్నీ గాడిన పడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

టైమ్ పోయినా ఫర్వాలేదు, జనం డేటా పోకూడదని వాళ్లు తీసుకున్న నిర్ణయం సరైనదే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ నిర్ణయం లింకు తెగాక కాదు, సెట్టింగులు రాసిన రోజే తీసుకోవాల్సింది. ప్రైమరీని ఏకంగా ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మార్చే అధికారం ఆ సాఫ్ట్‌వేర్‌కు ఉందని, అలా మారితే పైనున్న అప్లికేషన్లు తట్టుకోలేవని ముందే ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉండాలి. ఘటన తర్వాత గిట్‌హబ్ చేసిన మార్పుల్లో మొదట చెప్పుకోవాల్సింది కూడా అదే: ప్రాంతం దాటి ప్రైమరీని మార్చకుండా ఆర్కెస్ట్రేటర్‌కు అడ్డుకట్ట వేశారు.

43 సెకన్లు ఆగి చూడొచ్చు కదా అనిపిస్తుంది. అదంత తేలిక కాదు. అవతలి మెషీన్ నుంచి జవాబు రాకపోతే అది పడిపోయిందా, నెమ్మదించిందా, మధ్యలో వైరు తెగిందా అన్నది ఇవతలి నుంచి తేల్చలేం. సందేశం ఎంత సేపట్లో చేరుతుందో హద్దు లేని నెట్‌వర్క్‌లో, ఒక్క మెషీన్ పడిపోయే అవకాశం ఉన్నా, మిగతావి తప్పకుండా ఒక మాట మీదకు వస్తాయని హామీ ఇచ్చే పద్ధతి లేదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లోనే నిరూపించారు. అందుకే అందరం టైమ్‌అవుట్ మీద, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు మీద ఆధారపడతాం. అది తక్కువ పెడితే బతికున్నదాన్ని చచ్చిందనుకుంటాం, ఎక్కువ పెడితే నిజంగా చచ్చినప్పుడు జనం ఎదురుచూస్తూ కూర్చుంటారు. లింకు తెగినప్పుడు జవాబివ్వడమా, సరైన జవాబే ఇవ్వడమా, రెండూ దక్కవని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో అన్నాడు. 2002లో గిల్బర్ట్, లించ్ దాన్ని గణితంగా నిరూపించారు. ఏది వదులుకోవాలో ఏ టూలూ మన తరఫున తేల్చలేదు.

ప్రోగ్రామ్ రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ దాపరికం ఇంకా ఇబ్బంది పెడుతుంది. దూరంగా ఉన్న మెషీన్‌తో మాట్లాడడాన్ని పక్కనున్న ఫంక్షన్‌ని పిలిచినంత సులువుగా చూపించే లైబ్రరీలకు (రెడీమేడ్ కోడ్‌కు) లెక్కలేదు. ఒక చెల్లింపు రిక్వెస్ట్ వెళ్లింది, సర్వర్ డబ్బు కోసింది, జవాబు పంపేలోగా పడిపోయింది అనుకోండి. దాని బదులు సిద్ధంగా ఉంచిన స్టాండ్‌బై సర్వర్ అందుకుంది, లైబ్రరీ తనంతట తానే మళ్లీ పంపింది. డబ్బు రెండోసారి కట్ అయింది. లాగ్‌లో చూస్తే అంతా సక్సెస్! ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ప్రత్యేక నంబర్ తగిలించి, అదే నంబర్ రెండోసారి వస్తే పాత జవాబే ఇచ్చేలా రాస్తే ఈ చిక్కు తప్పుతుంది. కానీ మధ్యలో సర్వర్ మారగలదన్న సంగతే కళ్లకు కనిపించకుండా చేస్తే ఆ నంబర్ తగిలించాలని ఎవరికి తోస్తుంది? దూరపు మెషీన్‌లోని ఆబ్జెక్ట్‌ని (ప్రోగ్రామ్ భాగాన్ని) దగ్గరి ఆబ్జెక్ట్‌లా నటింపజేయొద్దని సన్ మైక్రోసిస్టమ్స్ పరిశోధకులు 1994లోనే హెచ్చరించారు. వాళ్ల మాట ఇప్పటికీ చాలామంది చెవికెక్కలేదు.

కనిపెట్టుకునేవాళ్ల వైపు కథ వేరు. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున వేరే సర్వర్ అనుకుని ప్రైమరీ డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశాడు. అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు, దానికే కదా బ్యాకప్‌లు. తీరా చూస్తే, రోజూ జరగాల్సిన బ్యాకప్ జరగడమే లేదు. వాడుతున్న టూల్ వెర్షన్‌కూ డేటాబేస్ వెర్షన్‌కూ పొంతన లేక అది ఎప్పటికప్పుడు ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు డీమార్క్ తనిఖీలో (పంపింది అసలైనవాళ్లేనా అని చూసే తనిఖీ) తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల కిందటి ఒక స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) ఉండబట్టి బయటపడ్డారు. మధ్యలోని డేటా మాత్రం పోయింది. రికవరీ పనిని వాళ్లు యూట్యూబ్‌లో లైవ్ పెట్టి అందరికీ చూపించారు, అందుకు మెచ్చుకోవాలి. ఆ బ్యాకప్ మాత్రం గుట్టుచప్పుడు కాకుండా చచ్చి ఉంది.

అందుకే అవైలబిలిటీ (సేవ ఎంత శాతం సమయం అందుబాటులో ఉంది అన్న) అంకెలొక్కటే చూపిస్తే నాకు నమ్మకం కలగదు. 99.9 శాతం అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చు, 99.999 అంటే 5 నిమిషాల చిల్లర. ఈ లెక్కలో ఫెయిలోవర్ ఎన్నిసార్లు జరిగింది, ఒక్కోసారి ఎన్ని రైట్లు వెనకబడ్డాయి, స్టాండ్‌బైకి చివరిసారి నిజమైన లోడ్ ఎప్పుడు ఇచ్చి చూశారు అన్నవి ఎక్కడా ఉండవు. సేవలు కొనేవాళ్లు కాంట్రాక్టులో వీటిని అడిగి రాయించుకోవాలి.

గూగుల్‌లో చబ్బీ అనే లాక్ సర్వీస్ ఉంది, ఒకే పనిని రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి చేయకుండా తాళం వేసేది. అది ఎంత అరుదుగా ఆగేదంటే, ఇక ఎప్పటికీ ఆగదన్న ధీమాతో మిగతా టీమ్‌లు తమ సేవలను దానికి ముడివేసుకున్నాయి. దాంతో గూగుల్ ఒక పద్ధతి పెట్టింది. ఒక త్రైమాసికంలో చబ్బీ సహజంగా ఆగకపోతే, ఇచ్చిన హామీ పరిధిలోనే కొంతసేపు కావాలనే ఆపేస్తారు. దాని మీద అనవసరంగా ఆధారపడ్డ సేవలు ఆ కాసేపట్లోనే బయటపడతాయి, వాటి యజమానులు కోడ్ సరిదిద్దుకుంటారు.