82 అనే అంకె

టీచర్: మా బడిలో ఆ పిల్లాడి ఐక్యూ, అంటే తెలివి పరీక్షలో వచ్చిన అంకె, 82 అని రాసిచ్చారు. వాళ్ల నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "వీడింక ఇంతేనా మాస్టారూ?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదమ్మా.

సైకాలజిస్ట్: ఇంతే అని నేను రాయలేదండీ. సగటు 100 అయితే, తోటి వయసువాళ్లలో ఆ రోజు ఎక్కడున్నాడో చెప్పాను. అదేమీ గాలివాటం అంకె కాదు. స్కాట్లండ్‌లో 1932లో పదకొండేళ్ల పిల్లలకు పరీక్ష పెట్టారు. వాళ్లలో కొందరికి 1998లో మళ్లీ అదే పెడితే, పదకొండేళ్లప్పుడు ముందున్నవాళ్లు చాలావరకు అప్పటికీ ముందే ఉన్నారు.

టీచర్: నిలకడగా ఉన్నంత మాత్రాన అది తెలివంతా అయిపోతుందా? 1930ల మొదట్లో లూరియా అనే సోవియట్ సైకాలజిస్ట్ ఉజ్బెకిస్తాన్ రైతులకు రంపం, గొడ్డలి, సుత్తి, దుంగ బొమ్మలు చూపించి, ఇందులో ఇమడనిదేది అని అడిగాడు. దుంగ అనాలి, మిగతావి పనిముట్లు కాబట్టి. చదువుకోనివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో ఏం కోస్తాం అన్నారు! అది తెలివి తక్కువా? బడి నేర్పే పద్ధతిలో ఆలోచించలేదు, అంతే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల సగటు ఐక్యూ పదేళ్లకు మూడు పాయింట్ల చొప్పున పెరిగింది. పుట్టుకతో వచ్చేదే అయితే అంత త్వరగా పెరుగుతుందా? అసలు 1905లో ఫ్రాన్స్ సైకాలజిస్ట్ బినే ఈ పరీక్ష కట్టిందే సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. మా వాడు ఆగిపోయిన గోడగడియారం ముందు రెండు మధ్యాహ్నాలు కూర్చుని నడిపించాడు. మీరేమో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు.

సైకాలజిస్ట్: స్టాప్‌వాచ్ అన్ని భాగాలకూ ఉండదు. అయినా పరీక్ష వద్దంటే ఎవరు తేలుస్తారు, మీరా? మూడేళ్లుగా వాణ్ణి బద్ధకస్తుడని రాసింది మీరే కదా.

టీచర్: రాశాను. తప్పే.

సైకాలజిస్ట్: రెండో పేజీ చూశారా? దిమ్మలు పేర్చడం, బొమ్మల భాగంలో 104. మాటల భాగంలోనే బాగా తగ్గింది. చదవడంలో ఇబ్బంది ఉందేమోనన్న అనుమానం అక్కడే వచ్చింది. మీ కంటికి మూడేళ్లలో కనబడనిది గంటన్నరలో దొరికింది.

టీచర్: ఒప్పుకుంటున్నానమ్మా. కానీ అంత తేడా ఉన్నప్పుడు అన్నీ కలిపి 82 అంటే దేనికి గుర్తు?

సైకాలజిస్ట్: అలాంటప్పుడు మొత్తం అంకెను పెద్దగా పట్టించుకోం.

టీచర్: మీరు పట్టించుకోరు. మరి మొదటి పేజీలో అంత పెద్దగా ఎందుకు వేశారు?

సైకాలజిస్ట్: ఫారం అలాగే ఉంటుంది మాస్టారూ.

టీచర్: ఆ ఫారం మార్చండి. వాళ్ల నాన్న జేబులో ఉన్నది మొదటి పేజీ ఒక్కటే.