20 రూపాయల కెపాసిటర్‌కి నాలుగు రోజుల బిల్లా?

లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. టీ సగంలో వదిలేసి రూముకొచ్చి ఇది రాస్తున్నాను, కోపం ఇంకా దిగలేదు.

"ఏంది తమ్ముడూ, 20 రూపాయల వస్తువు అతికించడానికి నాలుగు రోజుల బిల్లు రాసినావు? మా పిల్లోడు చెవిలో పెట్టుకునే బ్లూటూత్‌ని రెండు సెకన్లలో కలుపుతాడు!"

"సాయంత్రం మాట్లాడతానన్నా" అని పెట్టేశాను. ఇంకో నిమిషం లైన్లో ఉంటే నోరు జారేది.

పాకాల దగ్గర పాలు, పెరుగు ప్యాకెట్లు నిల్వ చేసే కోల్డ్ రూమ్ ఆయనది. లోపల 4 డిగ్రీలు ఉండాలి. పన్నెండు చిన్న సెన్సర్లు పెట్టాం, ఒక్కోదాంట్లో నార్డిక్ కంపెనీ బ్లూటూత్ చిప్ ఒకటి, ఒక సీఆర్2032 బటన్ సెల్. తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్ఈ) మీద ఉష్ణోగ్రత పంపుతాయి, అదే గదిలో గోడకు తగిలించిన గేట్‌వే అనే పెట్టె అందుకుంటుంది. తిరుపతిలో నా టేబుల్ మీద పది రోజులు ఒక్కసారి కూడా కనెక్షన్ తెగలేదు. అక్కడ పెట్టిన మొదటి రాత్రే ఐదు తెగిపోయాయి. తెల్లారాక వాటంతటవే కలిశాయి. మళ్లీ రాత్రి తెగాయి.

గేట్‌వే లాగ్ చూస్తే రీజన్ కోడ్ 8. అంటే సూపర్‌విజన్ టైమౌట్, అవతలి పరికరం నుంచి చప్పుడు లేదు అని. ఎందుకు లేదో చెప్పదు. దూరం కావచ్చు, రేకు గోడలు కావచ్చు, యాంటెన్నా కావచ్చు, నా కోడే కావచ్చు. ఒక్క నంబర్ వెనక ఇన్ని అనుమానాలు, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి. ఆ పక్క గదిలో సీసీ కెమెరాల వైఫై ఉంది కదా అని మొదటి రోజంతా దాని వెంట పడ్డాను. నిజానికి బీఎల్ఈ వాళ్లు అది ముందే ఆలోచించారు, 40 ఛానళ్లలో పరికరం తన ఉనికి చాటే మూడింటినీ 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టారు, వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానళ్ల సందుల్లో. ఎంత ముందుచూపు! నాకు ఆ డిజైన్ అంటే ప్రాణం. కానీ వైఫై ఆపేసినా సెన్సర్లు తెగాయి.

రెండో రాత్రి స్వెట్టర్ వేసుకుని కోల్డ్ రూమ్‌లోనే కూర్చున్నాను. ఈ పనిలో బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రాం ఆపి చూద్దామంటే కుదరదు, మనం ఆగినా అవతలివాడు ఆగడు, నాలుగు సెకన్లు చూసి కనెక్షన్ తెంపేస్తాడు. అందుకే చిప్ లోపల జరిగేది చూపించే డీబగ్గర్ వైరు తగిలించి ఊరికే లాగ్ చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి ఆ సెన్సర్ ఒక్కసారి కూడా తెగలేదు! వైరు పీకి బయటికొచ్చిన అరగంటకు తెగింది. ఏడుపొచ్చింది, నిజంగా చెబుతున్నాను.

మూడో రోజు స్నిఫర్ పెట్టి గాల్లో పోయే ప్యాకెట్లు పట్టాను. గేట్‌వే పిలుస్తూనే ఉంది, సెన్సర్ ఉన్నట్టుండి మూగపోయింది, కాసేపటికి అప్పుడే పుట్టినట్టు కొత్తగా అడ్వర్టైజింగ్, అంటే తన ఉనికి చాటడం, మొదలుపెట్టింది. అంటే రీసెట్ అవుతోంది. చిప్‌లో రీసెట్ కారణం రాసుకునే రిజిస్టర్ ఉంటుంది, ప్రోగ్రాం ఇరుక్కుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ అయితే ఒక బిట్, సాఫ్ట్‌వేర్ అయితే ఇంకో బిట్. అడ్వర్టైజింగ్ ప్యాకెట్‌లో మనకు దొరికేది 31 బైట్లు, అందులో ఒక బైటు ఖాళీ చేసి ఆ కారణం పంపించాను. వచ్చింది సున్నా. ఏ బిట్టూ లేదంటే కరెంటే చాలక పడిపోయి లేచిందని అర్థం.

అప్పుడు వెలిగింది. చలికి బటన్ సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. పగలు తలుపు తీస్తూ మూస్తూ ఉంటారు కాబట్టి అంత చలి పట్టదు, రాత్రి పూర్తిగా పడుతుంది. రేడియో పలికే ఆ క్షణంలో మిల్లీయాంపులు గుంజగానే వోల్టేజ్ జారి 1.7 వోల్టుల కిందికి పోతోంది, చిప్ పడిపోతోంది. నేను డీబగ్గర్ తగిలించినప్పుడు బోర్డు దాని కరెంటు మీదే బతికింది. ఆ క్షణానికి కావాల్సిన కరెంటు ముందే దాచిపెట్టుకుని ఇచ్చేలా సెల్ పక్కన 100 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టాను. నాలుగో రాత్రి పన్నెండుకు పన్నెండూ నిలబడ్డాయి.

దానికి ఆ మాట!

ఇదే అన్న రెండేళ్ల కింద తోటలో బోరు వేయించాడు. పాయింటు చూసే ఆయన టెంకాయ అరచేతిలో పెట్టుకుని తోటంతా తిరిగి ఒకచోట నిలబడ్డాడు. నీళ్లు పడలేదు. ఇంకో పాయింటుకు మళ్లీ డబ్బిచ్చాడు, భోజనం పెట్టి పంపాడు. పడని నీళ్లకు రెండుసార్లు ఇచ్చిన చెయ్యి, పని చేస్తున్న సెన్సర్లకు ఒక్కసారి ఇవ్వడానికి రావడం లేదు.

అసలు ఈ జబ్బు ఆయనది కాదు, మన చదువులది. ఇంజనీరింగ్ చివరి ఏడాది నేనూ నా ఫ్రెండూ హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్‌తో ఫోన్‌తో నడిచే చిన్న బండి సొంతంగా చేశాం. మా క్లాసులో చాలామంది ప్రాజెక్టులు డబ్బిచ్చి కొనుక్కొచ్చారు. డెమో రోజు మా బండి రెండడుగులు కదిలి కనెక్షన్ తెంపుకుంది. మార్కులేయడానికి బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ "అవుట్‌పుట్ రాలేదు" అని రాసుకుని పక్క టేబుల్‌కు పోయారు. ఎందుకు రాలేదని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు! కొనుక్కొచ్చిన వాళ్లకు మాకంటే ఎక్కువ మార్కులు. వైవాలో వాళ్లను అడిగింది బ్లూటూత్ ఫ్రీక్వెన్సీ ఎంత అని, వాళ్లు 2.4 గిగాహెర్ట్జ్ అన్నారు, అయిపోయింది.

మూడు రోజుల తర్వాత హాస్టల్లో దొరికింది కారణం. మోటార్లు కదలగానే కరెంటు గుంజుతున్నాయి, వోల్టేజ్ పడి మాడ్యూల్ రీసెట్ అవుతోంది. అవును, అదే జబ్బు! ఆ రోజు ఎవరైనా ఐదు నిమిషాలు మా పక్కన కూర్చుని "మల్టీమీటర్ పెట్టి చూశారా బాబూ" అని అడిగి ఉంటే పాకాలలో నాకు ఒకటి రెండు రాత్రులు మిగిలేవి. నాలుగేళ్లలో స్నిఫర్ ఎలా ఉంటుందో కూడా మాకు ఎవరూ చూపించలేదు. మార్కులు పోయినందుకు కాదు, ఆ ప్రశ్న ఎవరూ అడగనందుకు నాకు ఇప్పటికీ మండుతుంది.

సాయంత్రం అన్నకు ఫోన్ చేస్తాను. బిల్లులో ఒక్క రోజు కూడా తగ్గించను. కావాలంటే ఒక సెన్సర్‌లో కెపాసిటర్ పీకేసి అక్కడే వదిలి వస్తాను, రాత్రంతా నాతో పాటు ఆ 4 డిగ్రీల గదిలో కూర్చుని ఎందుకు తెగుతోందో ఆయనే చెప్పమనండి.