అంకుశం దగ్గర పేచీ

మహారాజశ్రీ పార్ట్-ఎఫ్‌సీఎల్ గారి దివ్యసముఖమునకు,
కొలోన్ నగరం, జర్మనీ.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా సవరణ మీద సవరణ తిని నానాటికీ ఒళ్లు చేస్తున్నారని తెలిసి సంతోషించాను. 2011 నవంబరులో యూరోపియన్ యూనియన్ వారి 1178 నంబరు రెగ్యులేషన్‌కు మొదటి అనుబంధంగా, పైలట్ లైసెన్సుల నియమావళిగా పుట్టారు. ఇవాళ తమరిని ప్రింటు తీద్దామంటే మా క్లబ్బు ప్రింటర్‌లో కాగితాలు చాలవు.

విషయం చిన్నది. రెండు ఇంజిన్ల విమానం మీద పరీక్ష రాసి, నడిపి, సంపాదించిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్) నా దగ్గరుంది. బయట ఏమీ కనిపించకపోయినా ఎదురుగా ఉన్న మీటర్లు చూసుకుంటూ విమానం నడపొచ్చని ఇచ్చే అర్హత అది. దాంతో ఒక ఇంజిన్ సెస్నా 172ను మబ్బుల్లోకి తీసుకెళ్లొచ్చా, కూడదా?

కూడదన్నారు మా క్లబ్బు కౌంటర్‌లోని పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నా లైసెన్సు తిప్పి, వెనక పేజీలో ఎగ్జామినర్ చేతిరాత మీద వేలు పెట్టారు. అక్కడ రెండు ఇంజిన్ల క్లాసు (ఆ తరగతి విమానం నడిపే అర్హత) పేరు, పక్కన గీత, ఆ తర్వాత ఐఆర్, తేదీ, సంతకం ఉన్నాయి. "ఇది రెండింటి వరస. ఒకటి వరసలో ఐఆర్ ఎక్కడుంది?" అన్నారు. నిజమే, లేదు. ఒక ఇంజిన్ క్లాసు వేరే వరసలో ఏకాకిగా ఉంది. పెద్దాయనను నేను తప్పుపట్టను. తమరి అక్షరాలు అలా ఏడిశాయి.

ఆ సంతకం ఎలా వచ్చిందో తమరికి చెప్పాలి. పరీక్ష రోజు కిటికీ కనిపించకుండా నా తలకు గొడుగులాంటిది తగిలించారు. నేను మీటర్లలో తల దూర్చి ఉండగా, పక్కనున్న ఎగ్జామినర్ గారు చెక్‌లిస్టు అట్ట లివర్లకు అడ్డం పెట్టి, దాని వెనక ఏదో ఒకటి నెమ్మదిగా లాగేశారు. ఏది లాగారో నేనే కనిపెట్టాలి. ముక్కు ఎడమకు ఈడ్చుకుపోయింది. విమానం తిన్నగా వెళ్లాలంటే కుడికాలితో పెడల్ తొక్కక తప్పలేదు. ఎడమకాలు పని లేకుండా ఊరికే కూర్చుంది. మా మాస్టారు నేర్పిన సూత్రం అదే: ఏ కాలు ఖాళీగా ఉందో ఆ వైపు ఇంజిన్ పోయినట్టు. పోయింది ఎడమదే. మిగిలిన ఒక్కదానితో, ఏమీ కనిపించకుండా, రన్‌వే దాకా దిగాను. కుడి పిక్క రెండు రోజులు నొప్పి పెట్టింది.

అంటే ఆ కాసేపు నేను నడిపింది ఒంటి ఇంజిన్ విమానాన్నే కదండీ! అదీ పుట్టుకతో ఒంటి ఇంజిన్‌ది కాదు, పక్షవాతం వచ్చినట్టు ఒక పక్కకు లాగే విమానం. అది వచ్చినవాడికి సెస్నా రాదా అని కౌంటర్ దగ్గర వాదించాను. పెద్దాయన కళ్లజోడు కిందికి దించి కాఫీ తాగారు.

రాత్రి కూర్చుని తమరిని చదివాను. జవాబు తమరి ఎఫ్‌సీఎల్ 620 నిబంధనలోనే ఉంది, అదీ స్పష్టంగానే. ఒకే పైలట్ నడిపే, క్లాస్ రేటింగ్ అవసరమైన రెండు ఇంజిన్ల విమానం మీద స్కిల్ టెస్టు పాసైనవాడికి, అతని దగ్గరున్న ఒక ఇంజిన్ క్లాసులకూ ఐఆర్ ఇవ్వాలి. ఏడాదికోసారి పొడిగించుకునేటప్పుడు మాత్రం ఎఫ్‌సీఎల్ 625 చూడాలి, అక్కణ్నుంచి 8వ అపెండిక్స్‌లోని పట్టికకు వెళ్లాలి. అదీ ఔననే అంటుంది. రెండింటి మీద చెక్, అంటే పొడిగింపు కోసం ఎగ్జామినర్ పెట్టే పరీక్ష, ఇచ్చినవాడికి ఒకటి మీది చెక్‌లో ఐఆర్ భాగం కూడా చెల్లుతుంది. ఒకటి మీద ఇచ్చినవాడికి రెండింటిది చెల్లదు. న్యాయమే, పెడల్ తొక్కినవాడికీ తొక్కనివాడికీ తేడా ఉండాలి. కానీ ఔను అనే ఒక్క ముక్కను మూడిళ్లలో దాచిపెట్టడం ఏం మర్యాదండీ?

ఇంకో సంగతి. ముందొకటి, వెనకొకటి ఇంజిన్లుండే సెస్నా 337 స్కైమాస్టర్ ఉంది చూశారూ, అందులో ఒకటి ఆగినా ముక్కు పక్కకు తిరగదు. కాబట్టి ఐఆర్ పరీక్షకు దాన్ని ఒంటి ఇంజిన్ కిందే లెక్కేస్తానన్నారు తమరు. తర్కం నాకు నచ్చింది. కానీ ఆ విమానం కొన్నవాడు రెండింటికీ ఆయిల్ పోస్తున్నాడు కదా, వాడి ముందు నిలబడి ఈ మాట చెప్పండి చూద్దాం.

మా పెదనాన్నగారబ్బాయి ఎయిర్‌లైన్‌లో కెప్టెన్, నడిపేది ఎయిర్‌బస్ ఏ320. గర్వంగా ఫోన్ చేశాను.

"అన్నయ్యా, రెండింటిది ఒకటికి చెల్లుతుందట!"

"అయితే నాదీ చెల్లుతుందిరా. నావీ రెండేగా. వచ్చే నెల వస్తా, మీ సెస్నా తీద్దాం."

"నీది చెల్లదు అన్నయ్యా. నీది ఇద్దరు పైలట్ల విమానం. నీ చెక్ చెల్లాలంటే గడిచిన 12 నెలల్లో ఒంటరిగా నడిపే విమానం మీద ఐఎఫ్ఆర్‌లో, అంటే మీటర్లు చూసి నడిపే నిబంధనల కింద, మూడు టేకాఫ్‌లు, మూడు అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగిరావడాలు) చేసి ఉండాలి. అపెండిక్స్‌లో చుక్క పెట్టి రాశారు."

అవతల కాసేపు నిశ్శబ్దం. "వెనక నూట ఎనభై మందిని కూర్చోబెట్టుకుని రోజూ మబ్బుల్లోంచే కదరా దిగుతున్నా," అన్నాడు. నిజానికి ఆ చుక్క తప్పని నేను అనుకోను. పక్కన చదివిపెట్టే మనిషి లేకుండా రేడియో, మ్యాపు, ట్రిమ్ముచక్రం అన్నీ ఒక్క చేత్తో చూసుకోవడం వేరే పని. వాడితో మాత్రం ఆ మాట అనలేదు, కెప్టెన్‌కు కోపమొస్తే పండక్కి టిక్కెట్లు చూసిపెట్టడు.

సరే, తెల్లారి 620ని ప్రింటు తీసుకుని క్లబ్బుకెళ్లాను. పెద్దాయన ఓపిగ్గా చదివి, "అతని దగ్గరున్న" అనే మాట కింద పెన్సిల్‌తో గీత గీశారు. అక్కడ దొరికిపోయాను. తమరిచ్చింది మబ్బుల్లో నడిపే నేర్పుకే, బండికి కాదు. మన దగ్గర కారు లైసెన్సుతో గేరు బైకు నడిపితే చలాన్ రాస్తారు చూడండి, అలాగే ఇక్కడ ఒక ఇంజిన్ క్లాసు విడిగా బతికుండాలి. రెండింటి క్లాసు ఏడాదికి, ఒకటి క్లాసు రెండేళ్లకు, ఐఆర్ ఏడాదికి, మెడికల్ దాని ఇష్టానికి. మా అమ్మ వంటింటి క్యాలెండర్‌లో పాలు, గ్యాసు, చీటీ డబ్బులు రాసుకున్నట్టు నేనూ రాసుకుంటున్నాను.

నా ఒక ఇంజిన్ క్లాసు గడువు ఈ నెలాఖరు. ఎగ్జామినర్‌తో చెక్ లేకుండా పొడిగించాలంటే గడువుకు ముందరి 12 నెలల్లో ఆ క్లాసులో 12 గంటలు, అందులో 6 కెప్టెన్‌గా, 12 టేకాఫ్‌లు, 12 ల్యాండింగులు, పైగా మాస్టారితో ఒక గంట శిక్షణ కావాలి. ఆ శిక్షణ గంట మాత్రం, వేరే క్లాసులో చెక్ పాసైనవాణ్ని కనుక, నాకు మాఫీ చేశారు. ధన్యవాదాలు. ఏనుగును దానమిచ్చారు, అంబారీ ఇచ్చారు. అంకుశం దగ్గర మాత్రం పేచీ: నా పుస్తకంలో గంటలు 13 ఉన్నాయి, టేకాఫ్‌లు, ల్యాండింగులు 11 చొప్పునే ఉన్నాయి.

ఇవాళ తారీఖు 29. మబ్బు ఎనిమిది వందల అడుగుల్లో కూర్చుంది. ఈ మబ్బులోంచి సెస్నాను ఎక్కించి దించే హక్కు ఈ నెలాఖరు దాకా నాకుంది, తమరి మాటే సాక్ష్యం. పెద్దాయన ఏమో ఒకటి వరసలోనూ ఐఆర్ అని రాసి ఉంటేనే తాళంచెవి ఇస్తానంటున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఎగ్జామినర్ గారు సెలవులో ఉన్నారు, ఒకటో తారీఖున వస్తారట.

కావున తమరు దయతో ఈ ఉత్తరం అందిన వెంటనే మా కౌంటర్‌కు ఒక ఫోన్ చేయించగలరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా చేయొద్దు, పెద్దాయన భోజనానికి వెళ్తారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
రెండు వరసల లైసెన్సువాడు