ఊపితే చప్పుడు రాకూడదు

నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి రూపాయి, ఒకాయనకు అమ్మి పోస్టులో పంపిన. దాని మీది చార్మినార్ బొమ్మ గుమ్మంలో 'ఐన్', అంటే ఉర్దూలో ఉస్మాన్ పేరు మొదటి అక్షరం, స్పష్టంగా ఉన్నది. రెండు అట్టముక్కల మధ్య కదలకుండా బిగించి, బబుల్ కవరు చుట్టి, డబ్బాలో పెట్టిన. చప్పుడైతే లోపల డబ్బులున్నాయని దారంతా దండోరా వేసినట్టే కదా! పీవీసీ ప్లాస్టిక్ కవరు వాడలేదు, కొన్నాళ్లకు నాణేనికి ఆకుపచ్చ జిగురు పడుతుందని.

ఇంత చేస్తే, పోస్టాఫీసు కౌంటర్లో ఆయన డబ్బాని చెవి దగ్గర ఊపి, "ఏముంది సార్, బంగారమా?" అని లైన్ మొత్తానికి వినపడేలా అడిగిండు. ఆపైన ఠప్పున ముద్ర, సరిగ్గా నాణెం మీదే.

సరే, క్షేమంగానే చేరింది. కొన్నాయన మెసేజ్: "మురికిగా ఉందన్నా, చింతపండుతో తోమిన. తళతళ మెరుస్తోంది!"

మురికి కాదయ్యా, వెండికి ఏళ్ల తరబడి పట్టిన రంగు అది!

ఇప్పుడు గీతలు పడ్డాయట. వాపసు తీసుకోవాలట.