ఏడు కోర్లకు ఉపాధి కల్పించాలి

ఎనిమిది కోర్ల (అంటే లెక్కలు చేసే ఎనిమిది మెదళ్లున్న) కంప్యూటర్‌లో డాస్ అనే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపిస్తే, కంప్యూటర్‌ను మొదట నిద్రలేపే బయోస్ దాన్ని ఒక్క కోర్ చేతికే అప్పగిస్తుంది. మిగిలిన ఏడూ పిలుపు కోసం ఎదురుచూస్తూ పడుకుంటాయి. పిలవాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. 1981లో ఐబీఎం పీసీతో పాటు బజారుకొచ్చిన డాస్‌కు, తనకు ఇంకో ఏడుగురు సిబ్బంది ఉన్నారన్న సంగతే తెలియదు. ఇంత నిరుద్యోగాన్ని చూస్తూ ఊరుకోవడం ధర్మం కాదు.

ఉద్యోగంలో ఉన్న ఆ ఒక్క కోర్ మాత్రం ఏం చేస్తోంది? ఆదేశం కోసం ఎదురుచూసే ప్రాంప్టు ముందు నిలబడి "కీ నొక్కారా, నొక్కారా?" అని క్షణం తెరిపి లేకుండా అడుగుతోంది. మీరు కాఫీకి వెళ్లొచ్చినా అదే ప్రశ్న. నూటికి నూరు శాతం శ్రమ, ఫలితం శూన్యం. వార్షిక నివేదికలో ఇది బ్రహ్మాండంగా ఉంటుంది.

సరే, రెండో కోర్‌ను లేపుదాం. అదీ ఫైలు తెరవమని డాస్ సేవలు అడిగే ద్వారమైన ఇంటరప్ట్ 21హెచ్ తలుపే తట్టాలి. లోపల ఒకరి పని నడుస్తుండగా ఇంకొకరు జొరబడితే డాస్ తన లెక్కలు తానే చెరిపేసుకుంటుంది. అందుకే అది 'ఇన్‌డాస్' అనే జెండా ఎగరేసి ఉంచుతుంది. జెండా దిగేదాకా ఏడు కోర్లూ వరండాలో నిలబడాలి. నవ్వకండి. లినక్స్ అంతటి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా 1996లో రెండో ప్రాసెసర్‌ను రానిచ్చి, తన గుండెకాయ లాంటి కెర్నల్‌కు ఒకే పెద్ద తాళం బిగించింది. దాన్ని పూర్తిగా ఊడబీకేసరికి 2011 వచ్చింది.

పాత ప్రోగ్రాములకు వేగం కూడా గిట్టదు. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన కొన్ని, కాలాన్ని కొలవడానికి మొదట్లోనే ప్రాసెసర్ చేత ఖాళీ చుట్లు తిప్పించేవి. పెంటియం 2 ప్రాసెసర్ల కాలానికి ఆ చుట్లు ఎంత పెరిగాయంటే, ఆ లెక్కను భాగిస్తే వచ్చిన ఫలితం దానికిచ్చిన గడిలో పట్టలేదు. ప్రోగ్రాం మాత్రం 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అంటూ ఎవరో సున్నాతో భాగించారని నేరం మోపి చచ్చిపోయేది. వేగంగా పనిచేసినందుకు ఛార్జిషీటు!

కాబట్టి నా పథకం వేరు. డాస్‌ను ముట్టుకోనక్కర్లేదు. కోర్‌కు ఒకటి చొప్పున వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) పెట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో డాస్‌ను కూర్చోబెట్టాలి. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే ఎఫ్‌డీఏపీఎం అనే చిన్న ప్రోగ్రాం, డాస్ లాంటిదే అయిన ఉచిత ఫ్రీడాస్‌తో వస్తుంది. దాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అప్పుడు చూడండి, ఎనిమిది కోర్లూ ఏకకంఠంతో కీ నొక్కారా అని అడుగుతుంటాయి. వాడకం మీటరు నూరు దగ్గర, ఫ్యాను పూర్తి గొంతుతో. నిరుద్యోగం సున్నా.