రాగి పాస్తా గారికి ఒక బహిరంగ లేఖ

బెంగళూరు, మారతహళ్లి.

మహారాజశ్రీ రాగి పాస్తా గారి దివ్యసముఖమునకు,

ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేం క్షేమమని రాయాలనే ఉంది. మీ దయవల్ల రాయలేకపోతున్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి పోతే సొంత రోగనిరోధక శక్తే చిన్నపేగు మీద తిరగబడుతుంది. జీవితాంతం మానుకోవడం ఒక్కటే దారి. చపాతీ పోయింది, బిస్కెట్ పోయింది, అపార్ట్‌మెంట్ పుట్టినరోజుల్లో కేకూ పోయింది. పిల్ల ఏడవలేదు. పాస్తా కూడా లేదన్నాకే ఏడ్చింది.

సరిగ్గా అప్పుడు సూపర్‌మార్కెట్ అరలో తమరు దర్శనమిచ్చారు. పెట్టె నిండా రాగి కంకుల బొమ్మ. కింద అమ్మమ్మల కాలం, పోషణ, మట్టివాసన వగైరా. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆ పుణ్యమా అని ఇప్పుడు మా వీధిలో చిరుధాన్యం పేరు పెట్టుకోని తిండే లేదు. నేనూ నమ్మి తెచ్చాను.

అనంతపురం నుంచి వచ్చిన మా అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని పెట్టె వెనక్కి తిప్పింది. చీమ తలకాయంత అక్షరాలు. మొదట గోధుమ రవ్వ. తర్వాతెక్కడో రాగిపిండి, 15 శాతం.

"ఏమప్పా, శుభలేఖలో పేరు ఒకరిది, తాళి కట్టేది ఇంకొకరా?" అంది.

గ్లూటెన్ లేదని మీరెక్కడా అనలేదు, ఒప్పుకుంటాను. రాగి అంటే చాలు, మిగతాది మేమే ఊహించుకుంటామని మీకు తెలుసు.

మీ కష్టం తెలియదని కాదు. గోధుమపిండి తడిపి పిసికితే గ్లూటెన్ వలలా అల్లుకుని పిండిపదార్థాన్ని పట్టి ఉంచుతుంది. రాగికి ఆ వల లేదు. ఉడికిస్తే గంజంతా నీళ్లలోకి జారిపోతుంది. నిజంగానే రాగి, శనగపిండితో చేసిన మీ పేద బంధువును ఒకసారి తెచ్చాం. పది నిమిషాలకు గిన్నెలో జావ మిగిలింది. అయినా ఆయనంటే నాకు గౌరవం. రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే. అందులో తక్కువైన లైసిన్‌ను, అంటే ఒంటికి కావలసిన ఒక అమైనో ఆమ్లాన్ని, శనగ పూడుస్తుంది. పప్పూ అన్నం లెక్కే. వల లేని లోటుకు గ్వార్ గమ్ వేస్తారట. అది గోరుచిక్కుడు గింజల నుంచే వస్తుంది. మా అమ్మాయి కంచంలోంచి ఏరి పక్కన పెట్టే గోరుచిక్కుడు!

మరి ఇంట్లో చేసుకుందామంటే పిండిమర దగ్గర ఇంకో చిక్కు. మనకు ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకు గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో నియమం. కిలో రాగిపిండిలో ఒక్క గ్రాము గోధుమపిండి కలిసినా ఆ గీత దాటినట్టే. అందుకని మా మిక్సీ ఇప్పుడు రోజూ రాగులతో యుద్ధం చేస్తోంది.

చివరికి మా అత్తయ్య సంగటికి ఎసరు పెట్టినట్టే పెట్టి, రాగిపిండిలో కాస్త శనగపిండి కలిపి ఉక్కబెట్టింది. వేడి తగ్గకముందే మదించి, మురుకుల గొట్టంలో పెట్టి ఇడ్లీ పళ్లేల మీద ఒత్తి ఆవిరికి పెట్టింది. నీళ్లలో వేస్తే కదా గంజి జారేది! పక్కింటి కన్నడ ఆంటీ చూసి "ఇది మా ఒత్తు శావిగె అల్వా?" అంది, వాళ్ల ఒత్తిన సేమ్యా కాదా అని. మా అమ్మాయి మాత్రం పాస్తా అనే అంటుంది. పైన టమాటా గుజ్జు ఉంది కాబట్టి మేమూ కాదనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం బంకగానే ఉంది.

తమరిని రాగి వేసుకోవద్దని నేననడం లేదు. గోధుమ పేరు కూడా రాగి పేరంత పెద్దగా, పెట్టె ముందు వైపే వేయించుకోండి. లేదా పెట్టెతో పాటు ఒక భూతద్దం ఉచితంగా ఇవ్వండి.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క.: ఆ ఊపులో అత్తయ్య ఇంగువ డబ్బా కూడా తిప్పి చూసింది. అందులోనూ గోధుమపిండి. ఆయనకు ఉత్తరం రేపు రాస్తాను.